ఐదు సాయంత్రాల ఆటకు ఏ వేషం?



సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి నిడదవోలు జంక్షన్‌లో దిగి మా ఇంటికొచ్చే పిల్లల సంచుల్లో ఈమధ్య పేక దస్తాతో పాటు రంగురంగుల పాచికలు కూడా ఉంటున్నాయి. మనకు తెలిసిన ఆరు ముఖాల పాచిక ఒక్కటే కాదు. నాలుగు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి కూడా. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. దీనికి ఫోను అక్కర్లేదు, బోర్డు ఉండి తీరాలన్న నియమమూ లేదు. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, వారిని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్లు తలా ఒక వేషం కట్టుకుని ఆ కథలోకి దిగుతారు. "తలుపు తీసి చూస్తాను" అంటే లోపల ఏముందో మాస్టర్ చెబుతాడు. "గోడ దూకుతాను" అంటే పాచిక వెయ్యమంటాడు. ఇందులో ఒకరిమీద ఒకరు గెలవడం ఉండదు. గెలిచినా ఓడినా అందరూ కలిసే.

కట్టే వేషాన్ని ఈ ఆటలో క్లాస్ అంటారు. ఫైటర్ కత్తి పట్టిన యోధుడు. విజార్డ్ గ్రంథాలు చదివి మంత్రం సాధించిన మాంత్రికుడు. క్లెరిక్‌కి దైవబలం ఉంటుంది. రోగ్ తాళాలు తీస్తాడు, నీడలో నడుస్తాడు. 2014లో వచ్చిన ఐదో కూర్పు పుస్తకంలో ఇలాంటివి 12 ఉన్నాయి. పండగ సెలవులా, వారం. భోజనాలూ బంధువులూ పోను ఆటకు దక్కేవి మహా అయితే ఐదు సాయంత్రాలు. ఆ ఐదింటికి ఈ 12లో ఏది తీసుకోవాలన్నదే ఈవేళ నా ప్రసంగ విషయం. పిల్లల ఆటకు ఇంత ఆలోచనా అని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. సెలవుల్లో పిల్లలు ఫోన్లు పక్కన పడేసి, మూడు గంటలపాటు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కథ చెప్పుకుంటున్నారు. దానికి ఎంత ఆలోచించినా తక్కువేనని నా అభిప్రాయం.

1974లో అమెరికాలోని లేక్ జెనీవా అనే ఊరి నుంచి ఈ ఆట మొదటిసారి అచ్చయి వచ్చింది. రాసినవారు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి విడత వెయ్యి పెట్టెలు. అప్పుడు వేషాలు మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్. దొంగ వేషం మరుసటి ఏడు, 1975లో, గ్రేహాక్ అనే అనుబంధంతో వచ్చి చేరింది. కొట్టేవాడు, మంత్రం వేసేవాడు, కాపాడేవాడు, చాటుగా వెళ్లొచ్చేవాడు. తర్వాత యాభై ఏళ్లలో ఎన్ని వేషాలు వచ్చినా ఈ నాలుగు పనుల్లో ఒకటో రెండో చేసేవే.

వేషం కట్టిన ప్రతివాడూ ఒకటో లెవెల్‌లో మొదలవుతాడు. పుస్తకంలో ఇరవై లెవెళ్ల దాకా ఉంటాయి. చిక్కంతా అక్కడే. రెండో లెవెల్‌కి 300 అనుభవ పాయింట్లు కావాలి, మూడోదానికి 900, నాలుగోదానికి 2,700, ఐదోదానికి ఏకంగా 6,500. ఐదు సాయంత్రాల ఆట సాధారణంగా మూడో లెవెల్ దగ్గర ముగిసిపోతుంది. పుస్తకం తిరగేసే కుర్రాడి కళ్లు మాత్రం ఐదో లెవెల్ మీదే ఉంటాయి. ఎందుకంటే ఊరించేవన్నీ అక్కడే ఉన్నాయి. యోధుడు ఒక వంతులో రెండుసార్లు కత్తి విసిరేది ఐదులో. మాంత్రికుడి ఫైర్‌బాల్, ఎనిమిది పాచికల నిప్పుముద్ద, ఐదులో. ఒట్టి చేతులతో పోరాడే మాంక్ ఒక్క గుద్దుతో ఎదుటివాణ్ణి కొయ్యబార్చేది కూడా ఐదులోనే.

ఉన్న గడువును బట్టి ఎంచుకోవాలన్న ఈ లెక్క మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సార్వాలో స్వర్ణ వేస్తారు, దాదాపు 150 రోజుల పంట. దాళ్వాకు వచ్చేసరికి కాలవలు కట్టేసేలోపు పంట చేతికి రావాలి. అందుకని 120 రోజుల్లో కోతకొచ్చే 1010 రకం వైపు చూస్తారు. రెండూ మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన వంగడాలే, రెండూ మంచివే. నీళ్లు ఎన్నాళ్లుంటాయో చూసుకుని విత్తనం ఎంచుతారు.

మా మేనల్లుళ్లలో ఒకడు బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ ఆట నియమాలు వాడికి కంఠోపాఠం. ఆ 12లోని పాలడిన్ అనే దీక్షాయోధుణ్ణీ వార్లాక్ అనే మాంత్రికుణ్ణీ కలిపి ఒక వేషం తయారుచేసుకుని వచ్చాడు. కాగితం మీద చూస్తే గొప్పగానే ఉంది. "ఆరో లెవెల్ దాకా ఆగు మావయ్యా, అప్పుడు చూద్దువుగాని" అన్నాడు. "మనం ఆడేది కనుమ మర్నాటి దాకానేరా" అన్నాను. రెండు వేషాలు కలిపేవాళ్లు ఏ లెవెల్‌లోనైనా రెండిట్లోనూ సగంలోనే ఉంటారు. ఏడాది పొడుగునా సాగే ఆటలో ఆ ఓపికకు ఫలితం దక్కుతుంది. పండగ ఆటలో వాడు ఐదు సాయంత్రాలూ రాబోయే బలం గురించి చెబుతూ గడపాలి. చివరికి ఒట్టి పాలడిన్‌గానే ఆడాడు. చేత్తో తాకి గాయం మాన్పే శక్తి మొదటి సాయంత్రమే ఉంది. కత్తి దెబ్బకు దైవబలం జోడించడం రెండో లెవెల్‌లో వచ్చింది. మూడో సాయంత్రానికి ఆ దెబ్బ తగిలినప్పుడల్లా అరుగు మీద కేకలు.

గడువు పెట్టుకుని వేషాలు కట్టడం మన కథలకు కొత్తేమీ కాదు. మహాభారతంలో పాండవుల అజ్ఞాతవాసం అలాంటిదే. పన్నెండేళ్లు అడవిలో ఉన్నాక ఒక్క ఏడాది విరాటుడి కొలువులో ఎవరికీ తెలియకుండా గడపాలి. ఈలోగా బయటపడితే మళ్లీ పన్నెండేళ్ల అడవి. తిక్కన విరాటపర్వం మొదట్లోనే అన్నదమ్ములు కూర్చుని ఎవరు ఏ వేషం కట్టాలో తేల్చుకుంటారు. ధర్మరాజు కంకుభట్టుగా రాజుగారి సభలో జూదానికీ కబుర్లకీ. భీముడు వలలుడై వంటశాలలో. అర్జునుడు బృహన్నలగా అంతఃపురంలో, ఉత్తరకు నాట్యం నేర్పడానికి. నకులుడు దామగ్రంథి అయి గుర్రాల దగ్గరికి, సహదేవుడు తంత్రీపాలుడై ఆవుల దగ్గరికి. ద్రౌపది మాలినిగా రాణి సుదేష్ణ దగ్గర సైరంధ్రి.

ఈ ఆట ఆడే పిల్లలకు నేను ఈ ఘట్టం తప్పకుండా చెబుతాను. వీళ్లలో ఏ ఒక్కరూ చేతకాని పని మీద వేసుకోలేదు. భీముడికి తిండి మీద ప్రీతి, మల్లయుద్ధం వచ్చు. వంటశాలలో ఆ రెండింటికీ పని దొరుకుతుంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు అడవిలో బృహదశ్వ మహర్షి దగ్గర అక్షహృదయం నేర్చుకుని ఉన్నాడు. మొదటి రోజు నుంచే చెయ్యగలిగిన పని చూసుకున్నారు, ఏడాది చివర్లో వచ్చే బలం కోసం ఎవరూ కాచుకుని కూర్చోలేదు. పైగా అన్నదమ్ముల్లో ఏ ఇద్దరూ ఒకేచోట లేరు. సభ, వంటశాల, అంతఃపురం, గుర్రపుశాల, ఆవుల మంద. కోటలో ఏ మూల ఏం జరిగినా ఆరుగురిలో ఒకరి చెవిన పడుతుంది. కీచకుడి వల్ల ద్రౌపదికి ఆపద వస్తే రాత్రివేళ ఆమె వెళ్లింది వంటశాలకి. ఆ బాధ్యత వలలుడిది. గోగ్రహణం నాడు, కుర్ర ఉత్తరుడు రథం మీద వణికిపోతుంటే, ఆ బాధ్యత బృహన్నలది. ప్రతి వేషానికీ దాని పూట వచ్చింది.

పండగ ఆటకు నేను కోరేది ఇదే. ఈ సాయంత్రమే చెయ్యగలిగిన పని ఉన్న వేషం కట్టండి, పక్కవాడి పూట పక్కవాడికి వదలండి.

కిందటి సంక్రాంతికి మా ఆటకు కథాస్థలం మా నిడదవోలే. ఈ ఊరు ఒకప్పుడు తూర్పు చాళుక్య శాఖ ఒకదానికి రాజధాని. ఇక్కడి రాకుమారుడు వీరభద్రుణ్ణి కాకతి రుద్రమదేవి పెళ్లాడింది. తండ్రి గణపతిదేవుడు ఆమెను కొడుకుగానే పెంచి, రుద్రదేవ మహారాజు పేరుతో సింహాసనానికి సిద్ధం చేశాడు. మగపేరు, మగవేషం, దాని వెనక ఒక రాణి. కథ నడిపేవాడికి అంతకంటే ఏం కావాలి? మా కథ కల్పితమే. నిడదవోలు కోటలోంచి ఓరుగల్లుకు ఒక ముద్రవేసిన లేఖ భద్రంగా చేరాలి. మోసుకెళ్లేది నలుగురు. మన కాలవలేవీ అప్పటికి లేవు. కాటన్ ఆనకట్ట పూర్తయిందే 1852లో. అందుకని పిల్లలకు తెలిసిన గట్లూ లాకులూ అన్నీ చెరిపేసి ఏరూ అడవీ మాత్రమే మిగిల్చాను. ఎర్రకాలువ ఉంది, అది మనిషి తవ్వింది కాదు. ఇప్పటికీ వానాకాలం పొంగి చుట్టుపక్కల చేలను ముంచుతుంది.

మొదటి సాయంత్రం నలుగురూ ఎర్రకాలువ ఒడ్డున ఆగిపోయారు. భాద్రపదం, ఏరు నిండుగా పోతోంది, వెనక గోబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు తరుముకొస్తున్నారు. ఈదాలంటే ఇరవై ముఖాల పాచిక వేసి, వేషానికున్న బలం కలిపితే 15 రావాలని చెప్పాను. యోధుడికి కలిసేది 5, అంటే పాచిక మీద 10 పడితే చాలు. సగానికి కొంచెం పైనే అవకాశం. మాంత్రికుడికి కలవకపోగా ఒకటి తగ్గుతుంది, వాడికి 16 పడాలి, అంటే నాలుగింట ఒక వంతు. అందరూ ఒకేసారి దూకితే కనీసం ఇద్దరు కొట్టుకుపోయేవాళ్లు. అప్పుడు వాళ్లే మాట్లాడుకున్నారు. మాంత్రికుడి దగ్గర మచ్చిక చేసిన డేగ ఉంది. దాన్ని ఎగరేసి అవతలి గట్టున గట్టి చెట్టు ఎక్కడుందో చూశాడు. క్లెరిక్ యోధుడి భుజం మీద చెయ్యేసి దీవించింది. దాంతో నాలుగు ముఖాల పాచిక ఒకటి అదనంగా కలుస్తుంది. యోధుడు నడుముకు మోకు కట్టుకుని దూకాడు. పాచిక 8 పడింది. బలంతో 13. ఊపిరి బిగబట్టి దీవెన పాచిక వేశారు, 3. మొత్తం 16. మోకు చెట్టుకు బిగించాక మిగతావాళ్లకు 10 వస్తే చాలన్నాను. దొంగ వేషం కట్టిన పిల్ల చివర దాటి, దాటాక మోకు కోసేసింది. గోబ్లిన్లు అవతలే ఉండిపోయారు. ఒక్క కత్తి దెబ్బ లేకుండా గంటన్నర ఆట. నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ ఏరు దాటడం అయ్యేది కాదు. నలుగురూ యోధులే అయ్యుంటే ఆ గట్టు మీద కత్తులు దూసి నిలబడేవారు, అదీ ఒక ఆటే. కానీ చుట్టూ ఏరుంది, చెట్టుంది, వాటిని అడిగి పని చేయించుకోవాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు.

ఇప్పుడు ఒక్కో వేషం గురించి రెండు మాటలు. మాంత్రికుడు మొదట్లో పూచికపుల్ల. ప్రాణం 8 పాయింట్లు ఉంటే గొప్ప. గోబ్లిన్ దెబ్బ 3 నుంచి 8 దాకా పోతుంది, బలంగా తగిలితే ఒక్క దెబ్బకే పడిపోతాడు. అయినా పొట్టి ఆటకు నేను మాంత్రికుణ్ణి వద్దనను. 2014 నియమాల్లో స్లీప్ అనే నిద్రమంత్రం ఉంది. ఎనిమిది ముఖాల పాచికలు ఐదు వేసి, వచ్చినంత ప్రాణం ఉన్నవాళ్లందరినీ పడుకోబెట్టేస్తుంది. సగటున 22 వస్తుంది. గోబ్లిన్ ప్రాణం 7. అంటే ఒక్క మంత్రానికి ముగ్గురు గుర్రు పెడతారు. పెద్ద లెవెళ్లలో ఇది ఎందుకూ పనికిరాదు. 59 పాయింట్ల ఓగర్ అనే రాక్షసుడు దీనికి ఆవులించనైనా ఆవులించడు. నిడివైన ఆటలు ఆడేవాళ్లు దీన్ని చిన్నచూపు చూసేది అందుకే. మనకు ఉన్నవి చిన్న లెవెళ్లే కదా. రోజుకు రెండు మూడుసార్లే దొరుకుతుంది కాబట్టి ఎప్పుడు వెయ్యాలో చూసుకోవడమే మాంత్రికుడి ఆట.

మొదటిసారి ఆడేవాళ్లకు బార్బేరియన్ హాయి. 12 ముఖాల పాచికంత ప్రాణంతో మొదలవుతాడు, ఆవేశం తెచ్చుకుంటే కత్తి దెబ్బలూ కర్ర దెబ్బలూ సగమే తగులుతాయి. గుర్తుపెట్టుకోవాల్సింది తక్కువ. మాంక్‌కి అసలు శక్తులు రెండో లెవెల్ దాకా రావు, డ్రూయిడ్ జంతురూపం ఎత్తేదీ రెండులోనే. కథ నడిపేవారు రెండు మూడు లెవెళ్ల దగ్గరే ఆట మొదలుపెడితే అప్పుడు ఈ రెండూ తీసుకోండి. 2014 నియమాల్లో రేంజర్ ఒక శత్రుజాతిని ముందే ఎంచుకోవాలి. ఏడాది ఆటలో ఆ జాతి ఎదురుపడుతుందో లేదో చెప్పలేం. పొట్టి ఆటలో మాస్టర్‌నే అడిగేయండి, "మన కథలో ఎవరు ఎదురొస్తారు?" అని. అడిగితే చెప్పని మాస్టర్ ఉండడు.

క్లెరిక్ దగ్గర కొంచెం ఆగాలి. మా చిన్న మేనకోడలు ఒకసారి మొహం ముడుచుకుంది. "అందరూ యుద్ధం చేస్తుంటే వాళ్లకి మందు రాస్తూ కూర్చోవాలా మావయ్యా? నాకొద్దు" అంది. ఆ పిల్ల కోపంలో న్యాయం ఉంది. ఇంట్లో ఆడపిల్లకు వడ్డన పని అప్పగించినట్టే చాలా చోట్ల బల్ల దగ్గర కూడా చిన్నవాళ్లకో ఆడపిల్లకో ఈ వేషం అంటగడతారు. అది మానెయ్యాలి. ఇష్టం లేనివాళ్లకు క్లెరిక్ ఇవ్వొద్దు. లేకపోయినా ఆట ఆగదు, దుకాణంలో గాయం మాన్పే రసం సీసాలు దొరికేలా మాస్టర్ చూసుకోవచ్చు. కానీ పుస్తకం పూర్తిగా చదివి వినిపించాక ఆ పిల్లే క్లెరిక్ కావాలంది. 2014 నియమాల్లో క్లెరిక్ తన దైవమార్గాన్ని మొదటి లెవెల్‌లోనే ఎంచుకుంటుంది. మిగతా వేషాల్లో చాలావాటికి మార్గం తేలేది రెండు మూడు లెవెళ్లకి. ఈమె కాంతిమార్గం తీసుకుంది, అరచేతుల్లోంచి మంట విసరడం మొదటి సాయంత్రం నుంచే ఉంది. మందు రాస్తూ కూర్చోవడమూ లేదు. హీలింగ్ వర్డ్ అనే మంత్రం 60 అడుగుల దూరం నుంచి ఒక్క మాటతో పడిపోయినవాణ్ణి లేపుతుంది, ఆ వంతులోనే ఆమె ఇంకో పనీ చేసుకోవచ్చు. ఈ ఆటలో ప్రాణం సున్నాకు వస్తే వెంటనే చచ్చిపోరు, మృత్యువుతో పాచికలాడతారు. మూడుసార్లు ఓడితే అంతే. రెండుసార్లు ఓడి మూడోది వెయ్యబోతున్న పాలడిన్ అన్నయ్యను ఆ పిల్ల గట్టు అవతలి నుంచి కేకేసి లేపింది. ఇంజనీరింగ్ చదివే అన్నయ్య తొమ్మిదో తరగతి చెల్లెలికి దణ్ణం పెట్టాడు.

ఇంకో మాట. క్లాస్ చేసే పని చెబుతుంది, మనిషిని చెప్పదు. యోధుడంటే సరిపోదు. వీరభద్రుడి కాపలాదళంలోవాడు, రాకుమారుడి పెళ్లికి వెళ్లినవాడు, కొత్త పెళ్లికూతుర్ని అందరూ మహారాజా అని పిలుస్తుంటే తెల్లబోయి చూసినవాడు అంటే అప్పుడు ఒక మనిషి కనిపిస్తాడు. ఐదు సాయంత్రాల్లో పెద్ద జీవితచరిత్ర చెప్పుకునే తీరిక ఉండదు. పక్కనున్నవాడు నాకెలా తెలుసు అన్న ఒక్క సంగతి ముందే అనుకుని రండి. "ఈ దొంగ మా ఊరి సంతలో నా మొలతాడు కొట్టేసింది, నాలుగేళ్లయినా తిరిగివ్వలేదు." అంతే చాలు, అయిదో సాయంత్రం దాకా ఆ మొలతాడు కథ నడుస్తుంది.

వేషాలు ఎంచుకునే పూట పుస్తకం మూసి పెట్టండి. ముందు మాస్టర్ కథ ఎక్కడ జరుగుతుందో, ఎన్ని సాయంత్రాలో చెప్పాలి. తర్వాత ఒక్కొక్కరూ తమకు ఏ పని చెయ్యాలనుందో తెలుగులో చెప్పాలి: కొట్టాలనుంది, మాటలతో బోల్తా కొట్టించాలనుంది, చాటుగా వినాలనుంది అని. ఇద్దరిదీ ఒకే కోరికైతే వాళ్లే మాట్లాడుకుని పంచుకోవాలి, చిన్నవాళ్లకు మొదటి ఎంపిక. ఆ తర్వాత పుస్తకం తెరిచి ఆ పనికి తగ్గ క్లాస్ వెతకండి. పది నిమిషాల్లో తేలిపోతుంది.

పుస్తకం కొనాల్సిన పని కూడా లేదు. ఆట తయారుచేసేవాళ్లే బేసిక్ రూల్స్ అనే పేరుతో నియమాలు ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. అందులో క్లెరిక్, ఫైటర్, రోగ్, విజార్డ్, ఈ నాలుగూ ఉంటాయి. పండగ ఆటకు ఆ నాలుగూ బ్రహ్మాండంగా సరిపోతాయి. ఇరవై ముఖాల పాచిక దొరక్కపోతే 1 నుంచి 20 దాకా అంకెలు రాసిన చీటీలు మడిచి ఒక స్టీలు గ్లాసులో వెయ్యండి. తీసి చూసిన చీటీని ప్రతిసారీ మళ్లీ గ్లాసులో వేసి కలపాలి. బయట ఉంచేస్తే తర్వాతివాడి అవకాశాలు మారిపోతాయి.